జూన్ రైడ్: సైకిల్ రానివాళ్లను ఎట్లా తయారుచేద్దాం?

హన్మకొండ నుంచి:

అందరికీ నమస్కారం. చందాల కోసం జూన్‌లో చేసే మన సైకిల్ రైడ్‌కు పేర్లు బాగానే వచ్చాయి. అక్కడ మన లండన్ సంఘంవాళ్లు లండన్ నుంచి బ్రైటన్, ఇక్కడ మనం మన ఊళ్లో అదే ఆదివారం. చిక్కేమిటంటే రెండు చోట్లా పేరిచ్చినవాళ్లలో చాలామందికి సైకిలే రాదు, ముఖ్యంగా నలభై దాటిన అక్కలకు, వదినలకు. చిన్నప్పుడు ఇంట్లో సైకిల్ అన్నకు కొన్నారు, పెద్దయ్యాక స్కూటీ వచ్చింది, అంతే. వచ్చే డబ్బుతో మనం బడికి నడిచిపోయే ఆడపిల్లలకు సైకిళ్లు కొనిస్తున్నాం. అలాంటప్పుడు వీళ్లను నీళ్ల బాటిళ్లు పంచే పనికి పరిమితం చేయడం నాకు నచ్చలేదు. నేర్పిద్దాం.

శివరాత్రి దాటగానే మొదలుపెట్టాలి. ఏప్రిల్ వచ్చిందంటే మన ఎండల్లో ఏడున్నర తర్వాత గ్రౌండ్‌లో నిలబడలేం. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ అయితే బాగుంటుంది. వాకింగ్‌కు వచ్చేవాళ్లకు అడ్డం రాకుండా ఒక మూల చాలు. ముందుగా కాలేజీవాళ్లను అడగాలి, ఆ పని ఎవరైనా తీసుకోండి.

ఎట్లా నేర్పాలన్నదే అసలు సంగతి. వెనక నుంచి సీటు పట్టుకుని ఉరికే పద్ధతి వద్దు. పిల్లలకైతే సరే గానీ, పెద్ద మనిషి పక్కకు ఒరిగితే పట్టుకున్నవాళ్లు కూడా కింద పడతారు. పైగా వెనక మనిషి ఉన్నాడా వదిలేశాడా అని మెడ తిప్పి చూడటంతోనే సగం మంది పడతారు. రెండు పెడళ్లూ విప్పేద్దాం. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత కిందికి సీటు దించుదాం. కాళ్లతో నేలను తోసుకుంటూ పోవాలి, కాసేపటికి కాళ్లు రెండూ పైకెత్తి జారనివ్వాలి. అట్లా గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకు వంకర పోకుండా వెళ్లి, బ్రేకుతో ఆగిన తర్వాతే పెడళ్లు మళ్లీ బిగిస్తాం. చాలా పెడళ్లకు 15 నంబర్ పానా సరిపోతుంది. ఒక్క మాట, ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. మామూలుగా విప్పే దిక్కుకు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది, పానా జారి వేళ్లు గీసుకుపోతాయి.

బ్యాలెన్స్ గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. ఆపడం గురించే. భయపడ్డ మనిషి బ్రేకు సంగతి మరిచి చెప్పులు నేలకు రాస్తుంది, లేదంటే ఒక్క బ్రేకే గట్టిగా నొక్కేస్తుంది. మన దగ్గర, బ్రిటన్‌లో మామూలుగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అదొక్కటే పట్టి నొక్కితే మనిషి హ్యాండిల్ మీదికి వస్తుంది. రెండూ కలిపి మెల్లగా నొక్కడం అలవాటు చేయాలి. స్కూటీ నడిపేవాళ్లకు ఇది తొందరగా వస్తుంది, వాటికీ కుడివైపుది ముందు బ్రేకే. చున్నీ నడుముకు బిగించి ముడేయాలి, పాంటు అంచుకు రబ్బర్ బ్యాండ్ వేయాలి. చీర మాత్రం వద్దు వదినా, ఎంత అలవాటున్నా సరే.

రామప్ప దాకా పోదామని ఒక అన్న రాశాడు. యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి, ఫొటోలు బాగా వస్తాయి, నిజమే. కానీ ఒక వైపే అరవై కిలోమీటర్లు పైన, ములుగు దాకా 163వ జాతీయ రహదారి, పక్కనే ఇసుక లారీలు. బాగా తొక్కేవాళ్లు పోనీయండి. కొత్తవాళ్లకు తెల్లవారుజామున వేయి స్తంభాల గుడి నుంచి ఖిలా వరంగల్ దాకా చాలు.

లండన్ నుంచి:

అక్కా, ఇక్కడా ఇదే గోల. బ్రైటన్ అంటే 54 మైళ్లు, చివర్లో డిచ్లింగ్ బీకన్ అనే గుట్ట ఎక్కుడు బాగా తొక్కేవాళ్లకే చుక్కలు చూపిస్తుంది. కొత్తవాళ్లకు రిచ్‌మండ్ పార్కు అడుగుదామా? లోపల కార్లు రాని దారి చుట్టూ దాదాపు పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. గుంపుగా పోవాలంటే అనుమతి ఉండాలేమో కనుక్కుంటాను. ఇక్కడి చాలా కౌన్సిళ్లు, అంటే మన మున్సిపాలిటీల్లాంటివి, పెద్దవాళ్లకు ఉచితంగా సైకిల్ నేర్పుతాయి, పేర్లు ఇప్పుడే రాయించుకోండి. ఫుట్‌పాత్ మీద తొక్కడం ఇక్కడ చట్టవిరుద్ధం. వరంగల్ అలవాటుతో ఎక్కేస్తారని ముందే చెబుతున్నా. హెల్మెట్ చట్టం అడగదు, మన రైడ్‌కు మాత్రం తప్పనిసరి చేద్దాం.

డబ్బు సంగతి. మా లండన్ సంఘం ఛారిటీగా గుర్తింపు పొందింది కాబట్టి, ఇక్కడ పన్ను కట్టేవాళ్లు గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపితే ప్రభుత్వం నుంచి పౌండుకు 25 పెన్సులు అదనంగా వస్తాయి. ఫారం లేకుండా ఎవరి దగ్గరా చందా తీసుకోకండి. మొత్తం నీ ఖాతాకే పంపేద్దామా అక్కా?

హన్మకొండ నుంచి:

వద్దు తమ్ముడూ, నా ఖాతా వైపు చూడకు. విదేశీ సంఘం డబ్బు ఇక్కడికి రావాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే రావాలి, అదీ ఢిల్లీలో ఎస్‌బీఐ ప్రధాన బ్రాంచిలోని దాని ఖాతాకే. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడానికి కూడా వీల్లేదు. కాబట్టి సైకిళ్లు అదే కొని పంచాలి. అలాంటి సంస్థ ఖాయమయ్యాకే చందా లింకు పెట్టండి.

రిచ్‌మండ్ పార్కు సరే. ఇక్కడ పొద్దున ఆరైతే మీకు రాత్రి ఒంటిగంటన్నర, కాబట్టి లైవ్ వీడియో ఆశ వదిలేయండి. మేం తొక్కి, ఇడ్లీ తిని, ఇంటికొచ్చినా మీరింకా నిద్రలోనే ఉంటారు. మృగశిర కార్తె దాటాక వాన పడొచ్చు, తడిసిన రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది. అందుకని కొత్తవాళ్లకు వాన రోజు కూడా ఒకసారి బ్రేకు ప్రాక్టీస్ చేయిస్తాం.

కాజీపేట నుంచి:

పానా నా దగ్గర ఉంది, తెస్తా. మా పెద్దమ్మాయి సైకిల్ ఖాళీగానే ఉంది, గేర్లు లేనిది, అది కూడా తీసుకోండి. గాలి పంపు ఎవరు తెస్తున్నారో ఇంకా ఎవరూ రాయలేదు.