క్యాసెట్ బి సైడు మాత్రమే మూసుకుపోయినట్టు వస్తోంది

మా కడపలోనే ఉంటూ, పాటలు తానే రాసి పాడిన ఒకాయన మొదటి ఆల్బమ్, 60 నిమిషాల క్యాసెట్, అటక మీద దొరికింది. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు గానీ పాటలు బలే ఉన్నాయి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నా. ఎ సైడు శుభ్రంగా ఉంది. బి సైడు మొదటి నుంచీ దుప్పటి కప్పుకుని పాడినట్టుంది; డప్పు మోత వస్తుంది, తాళాల గలగల వినపడదు.

డెక్కులో టేపును చదివే హెడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచా. టేపు రెండుసార్లు చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టా. డాల్బీ (టేపు బుస తగ్గించే ఏర్పాటు) ఆపేశా. వేరే క్యాసెట్లు ఇదే డెక్కులో రెండు వైపులా బాగానే పలుకుతున్నాయి. ఏడురోడ్ల దగ్గర రిపేరు షాపాయన "ఇంకేడ టేపులు సామీ" అని నవ్వి పంపేశాడు.

ముందు టేపును వేరే క్యాసెట్ డబ్బాలోకి మార్చి చూడాలా, లేక బి సైడు కోసం హెడ్డు పక్కనున్న అజిముత్ స్క్రూ (హెడ్డు వాలు సరిచేసేది) తిప్పాలా?