తిథిని చేతులెత్తి తేల్చొచ్చా?

కృష్ణవేణి:
మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. మా నాన్నగారు రామాలయం అర్చకులు. ఉగాదికి పంచాంగ శ్రవణం ఎప్పుడూ ఆయనదే. మొన్న దీపావళి ఆయన పంచాంగంలో ఒక రోజు, జనం ఫోన్లలో మరో రోజు. రచ్చబండ దగ్గర సర్పంచ్‌గారు చేతులెత్తమన్నారు. నాన్నగారి రోజుకి లేచిన చేతులు తక్కువ. ఆయన అక్కడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక, “అమావాస్యకి ఓట్లేంటమ్మా?” అన్నారు. దీపాలు తన తిథికే పెట్టారు. పక్కన నిలబడి నూనె పోశాను గానీ ఆ మాటకి జవాబు చెప్పలేకపోయాను. ఓటు విలువ పిల్లలకి చెప్పేదాన్నీ నేనే. మీరైతే ఏమనేవారు?

తెనాలివాసి:
అమ్మా, నాన్నగారిది పూర్వపద్ధతి పంచాంగమా, దృగ్గణితమా? చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒకే వేగంతో ఉండదు కాబట్టి తిథి ఒకసారి 19 గంటలే, ఒకసారి 26 దాకా. పూర్వపద్ధతి వాళ్లు పాత సూత్రాలతో కడతారు, దృగ్గణితం వాళ్లు ఆకాశంలో కనబడేదానితో సరిచూస్తారు. గంటల తేడా వస్తుంది. అయితే లెక్క ఒకటే అయినా తగువు ఆగదు. దీపావళికి ప్రదోష వేళ, అంటే పొద్దుగూకిన వెంటనే, అమావాస్య ఉండాలి. రెండు సాయంత్రాలూ కాస్త కాస్త ఉంటే ఏది పట్టాలన్నది ధర్మశాస్త్రమే చెప్పాలి, టెలిస్కోపు చెప్పదు.

రిటైర్డ్ మాస్టారు:
ఈ చిక్కు మీ ఊరిదే కాదు. 1952లో కేంద్రం మేఘనాద్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘం వేసింది. ఆయన భౌతిక శాస్త్రవేత్త, ఆ ఏడాదే కలకత్తా నుంచి లోక్‌సభకి గెలిచారు. దేశంలో సుమారు 30 రకాల పంచాంగాలున్నాయని తేల్చారు. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 22 ప్రాంతంలో, మన సంక్రాంతి జనవరి 14న. అంత దూరం జరిగిందని ఆయన బాధ. 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండర్ వచ్చింది, గెజిట్ మీద ఆ క్యాలెండర్ తేదీ కూడా ఉంటుంది. పండగలకి మాత్రం ఆ సంఘం కూడా చాంద్రమాన తిథులనే ఉంచింది. నాకు అది చాలా పెద్ద మర్యాదగా అనిపిస్తుంది.

కృష్ణవేణి:
రాత్రి నాన్నగారికి ఇవన్నీ చదివి వినిపించాను. ప్రదోషం దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. అమావాస్య ఎప్పుడని ఊరిని అడగకూడదు. ఊరంతా ఒకే రోజు దీపాలు పెడదామా అని అడగాలి, దానికి నాన్నగారూ చెయ్యెత్తాలి. ఇదే సర్పంచ్‌గారికి చెప్పాను. వచ్చే ఏడు ముందు నాన్నగారి చేత తిథి చదివించి, ఆ తర్వాతే మాట్లాడుకుందామన్నారు. నాన్నగారు దృగ్గణిత పంచాంగం ఒకటి తెమ్మన్నారు, తనదాని పక్కన పెట్టి చూస్తారట. తెనాలివాసిగారూ, ఏది కొనమంటారు?