క్రూయిజ్‌లో రాత్రి భోజనం ఫిక్స్‌డ్ మంచిదా, ఫ్లెక్సిబుల్ మంచిదా? పెద్దవాళ్లతో వెళ్తున్నాం, చెప్పగలరు

బరంపురం కోడలు:

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కి, అంటే ఓడ ప్రయాణానికి, వెళ్దామనుకుంటున్నాం. పెనాంగ్, ఫుకెట్ చూసుకుని మళ్లీ సింగపూర్ వచ్చేస్తుంది. బరంపురం నుంచి వైజాగ్ దాకా రైలు, అక్కణ్ణుంచి స్కూట్ విమానం. మొత్తం మూడు క్యాబిన్లు. ఒకదాంట్లో అత్తయ్యగారు, మావయ్యగారు. ఒకదాంట్లో మేమూ మా ఇద్దరు పిల్లలూ. ఇంకోదాంట్లో మా ఆడపడుచు, అన్నయ్యగారు.

ఏజెంటు ఫోన్ చేసి "డిన్నర్ ఫిక్స్‌డ్ పెట్టమంటారా, ఫ్లెక్సిబుల్ పెట్టమంటారా? ఫిక్స్‌డ్ అయితే ఎర్లీనా, లేటా?" అని అడిగాడు. ఫిక్స్‌డ్ అంటే రోజూ ఒకే వేళకి, ఫ్లెక్సిబుల్ అంటే మనకి వీలైనప్పుడు తినడమట. సోమవారంలోగా చెప్పాలట. అప్పట్నుంచి ఇంట్లో ఇదే చర్చ. సెలవులకి వెళ్లి కూడా గడియారం చూసుకుని తినడమేంటి, ఫ్లెక్సిబుల్ పెట్టించు అంటారు మా ఆయన. మావయ్యగారికి షుగర్, రాత్రి ఎనిమిదికల్లా తినేయాలి. అత్తయ్యగారు నీచు ముట్టరు, గుడ్డు కూడా తగలకూడదు. చిన్నవాడు తొమ్మిది దాటితే కూర్చున్నచోటే నిద్రపోతాడు. డబ్బులో తేడా ఉంటుందా? మధ్యలో మార్చుకోవచ్చా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

జయపురం నుంచి:

మేమిద్దరమే వెళ్లాం, ఫ్లెక్సిబుల్ పెట్టుకున్నాం. మాకు చాలా నచ్చింది. ఒక్కోరోజు ఊరు తిరిగొచ్చి అలసిపోయి ఆరున్నరకే తినేశాం, ఇంకోరోజు షో చూశాక తొమ్మిదికి వెళ్లాం. ఎవరూ ఏమీ అనరు. కాకపోతే ఏడు, ఏడున్నర మధ్య అందరూ ఒక్కసారే వస్తారు, క్యూలో నిలబడాలి. మా ఓడలో ఫోన్ యాప్‌లో ముందే టైము బుక్ చేసుకునే వీలుంది. దానికి ఇంటర్నెట్ ప్యాకేజీ కొననక్కర్లేదు, ఓడ వైఫై చాలు. డబ్బులో తేడా ఏమీ లేదు. మెనూ కూడా అదే.

రాయగడ తమ్ముడు:

అక్కా, నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఒక క్రూయిజ్ కంపెనీలో డైనింగ్ హాల్లోనే పనిచేశాను. మొదట అసిస్టెంట్ వెయిటర్‌ని, తర్వాత వెయిటర్‌ని. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. జయపురం వాళ్లు చెప్పింది నిజమే, ఇద్దరికైతే ఫ్లెక్సిబుల్ హాయి. మీకు మాత్రం ఫిక్స్‌డే పెట్టించండి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

పెద్ద ఓడలో ప్రయాణికులు రెండు మూడు వేలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటారు. అందరూ ఒకేసారి కూర్చునేంత హాలు ఉండదు. అందుకని మన పెళ్లిళ్లలో బంతి లేచాక బంతి వేసినట్టే అక్కడా రెండు బంతులు. మొదటిది, అంటే ఎర్లీ, సాయంత్రం 5.30, 6 మధ్య మొదలవుతుంది. రెండోది, అంటే లేట్ (సెకండ్ సీటింగ్ అనీ అంటారు), 8, 8.30 మధ్య. ఓడను బట్టి కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది. ఫిక్స్‌డ్ అంటే నాలుగు రాత్రులూ అదే వేళ, అదే టేబుల్, అదే వెయిటర్. పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి ఇది. 2000లో నార్వీజియన్ క్రూయిజ్ లైన్ అనే కంపెనీ 'ఫ్రీస్టైల్' అని పేరు పెట్టి, ఇష్టమొచ్చినప్పుడు వచ్చి తినండి అనడం మొదలుపెట్టింది. తర్వాత మిగతావాళ్లూ తలా ఒక పేరుతో ఆ వీలు పెట్టారు. రాయల్ కరీబియన్‌లో 'మై టైమ్ డైనింగ్' అంటారు, కార్నివాల్‌లో 'యువర్ టైమ్ డైనింగ్' అంటారు. మీ కాగితాల్లో ఇలాంటి మాట కనిపిస్తే అది ఫ్లెక్సిబుల్ అని అర్థం. 'ట్రెడిషనల్' అని ఉంటే ఫిక్స్‌డ్. డిస్నీ వాళ్లది ఇంకో తీరు. రోజుకో రెస్టారెంటు మారుస్తారు, వెయిటర్లు కూడా మీతోపాటే మారతారు.

అందరూ దీన్ని టైము విషయంగానే చూస్తారు. మీ ఇంట్లోవాళ్లకి టైము కన్నా వడ్డించే మనిషి ముఖ్యం.

మీ అత్తయ్యగారి సంగతే తీసుకోండి. మెయిన్ డైనింగ్ మెనూలో ప్రతి రాత్రీ శాకాహారం కొంత ఉంటుంది. అయితే వాళ్ల శాకాహారం అంటే పాస్తా, కాల్చిన కూరగాయలు, సూపు. పప్పు, కూర, అన్నం కావాలంటే ముందురోజే చెప్పాలి. మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌ని పిలిచి "మా అత్తగారికి ఇండియన్ వెజిటేరియన్, గుడ్డు కూడా వద్దు" అని చెప్పండి. ఆయన నోట్ చేసుకుని మర్నాటికి ఏర్పాటు చేయిస్తాడు. ఫిక్స్‌డ్‌లో ఆ మాట ఒక్కసారి చెప్తే చాలు. రెండో రాత్రి మీరు కూర్చునేసరికి ఆమె ముందు పప్పు గిన్నె, అన్నం, పాపడ్ వచ్చేస్తాయి. ఆవిడ చల్లటి నీళ్లు తాగరని తెలిస్తే ఐసు లేని గ్లాసు ముందే పెడతారు. మేము మా టేబుళ్లవాళ్ల గురించి ఇలాంటివి గుర్తుపెట్టుకునేవాళ్లం. అది మా పనిలో భాగం, మాకు సంతోషం కూడా.

ఫ్లెక్సిబుల్‌లో రోజుకో టేబుల్, రోజుకో వెయిటర్. నిన్న ఒకాయనకి చెప్పిన మాట ఇవాళ్టి ఆయనకి అందిందో లేదో తెలీదు. పెద్దావిడ ప్రతి రాత్రీ ఇందులో గుడ్డుందా, ఇందులో ఏముందని అడగాల్సి వస్తుంది. రెండు రోజులు అడిగి మూడో రోజు మొహమాటపడి పండ్లు తిని లేచిపోయే పెద్దవాళ్లను చాలామందిని చూశాను. చూస్తే బాధేసేది.

ఒక జాగ్రత్త. ఆ ప్రాంతపు వంటల్లో, ముఖ్యంగా థాయ్ వంటల్లో, కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తుంటారు. స్వీట్లలో గుడ్డు సంగతి సరే, జెల్లీలా ఉండేవాటిలో జెలటిన్ ఉండొచ్చు, అది జంతువుల నుంచి తీసేదే. "వెజిటేరియన్" అని ఊరుకోకుండా గుడ్డు, చేప, మాంసం, జెలటిన్ ఏదీ ఉండకూడదని విడివిడిగా చెప్పండి. బుకింగ్‌లో కూడా ఏజెంటుతో రాయించండి, వెళ్లాక మళ్లీ నోటితోనూ చెప్పండి.

బరంపురం కోడలు:

తమ్ముడూ, ఇంత ఓపిగ్గా రాశావు, చాలా సంతోషం. ఫిక్స్‌డ్ అని దాదాపు ఒప్పించేశాను. ఇప్పుడు ఎర్లీనా లేటా అన్నది తేలడం లేదు. మావయ్యగారి షుగర్, పిల్లాడి నిద్ర చూస్తే ఎర్లీ అనిపిస్తోంది. సాయంత్రం ఐదున్నరకి అన్నం ఎవరు తింటారని మా ఆయన గొడవ.

రాయగడ తమ్ముడు:

బావగారి మాటే సరైనదక్కా. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ 5.30 అంటే మన ఒంటికి మధ్యాహ్నం మూడు. బఫేలో భోజనం చేసి అప్పటికి గంటో రెండు గంటలో అయి ఉంటుంది, ఎవరికీ ఆకలి ఉండదు. రెండో బంతి 8కి అనుకుంటే మన లెక్కన సాయంత్రం 5.30. అది కూడా మనకు తొందరే. పిల్లాడు ఇంటి దగ్గర తొమ్మిదికి పడుకుంటాడంటే అక్కడ పదకొండున్నర. కాబట్టి వాడి గురించి టెన్షన్ పడకండి.

ఇంకో కారణం, ఊళ్లు. పెనాంగ్‌లో, ఫుకెట్‌లో పొద్దంతా తిరిగి ఓడెక్కి, స్నానాలు చేసి, చీరలు మార్చుకుని ఐదున్నరకి హాలుకి చేరడం పిల్లలతో, పెద్దవాళ్లతో అయ్యే పని కాదు. మరీ ఆలస్యమైతే ఫిక్స్‌డ్‌లో బాగుండదు కూడా. ఆ బంతిలో అందరికీ ఒక వరసలో వంట దించుతారు, మీరొక్కరే వెనకపడితే వడ్డన మొత్తం చిక్కుపడుతుంది. పదిహేను నిమిషాలు దాటకుండా చూసుకోండి. రాలేకపోతే మానేసి బఫేకి వెళ్లండి, దానికి ఏమీ అనుకోరు. వీలైతే ముందురోజు వెయిటర్‌కి ఒక మాట చెప్తే చాలు.

షోలు కూడా చూసుకోండి. సాధారణంగా రెండో బంతివాళ్లు ముందు షో చూసి భోజనానికి వస్తారు, మొదటి బంతివాళ్లు తిని తర్వాతి షోకి వెళ్తారు. మీకు ముందు షోయే నయం.

పర్లాకిమిడి మాస్టారు:

అమ్మాయ్, నేనూ షుగర్ మనిషినే కనుక ఒక మాట. ఈ తమ్ముడు చెప్పిన టైము లెక్క బాగుంది, కానీ మీరు ఓడెక్కే ముందు సింగపూర్‌లో రెండు మూడు రోజులు ఉంటే ఒళ్లు అక్కడి గడియారానికి అలవాటు పడిపోతుంది. అప్పుడు ఎనిమిదిన్నర అంటే మీ మావయ్యగారికి నిజంగానే ఆలస్యం. మందులు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ అయితే మరీ ముఖ్యం.

ఇంకొకటి. అక్కడ భోజనం అన్నీ ఒకేసారి వడ్డించరు. ముందు బ్రెడ్డు, తర్వాత సూపో సలాడో, ఆ తర్వాత అసలు వంటకం, చివర స్వీటు. గంటన్నర పడుతుంది. భోజనానికి ముందు వేసుకునే మాత్ర క్యాబిన్లోనే వేసుకుని బయల్దేరితే అసలు తిండి ప్లేటులోకి వచ్చేసరికి ముప్పావు గంట దాటుతుంది. నాకు అలాగే షుగర్ పడిపోయి చెమటలు పట్టాయి.

రాయగడ తమ్ముడు:

మాస్టారూ, చాలా మంచి మాట చెప్పారు. అక్కా, ఇది వెయిటర్‌కి మొదటి రాత్రే చెప్పేయండి. "నాన్నగారికి షుగర్, ఆయనకి మాత్రం ముందు తెచ్చెయ్యండి" అంటే, మీకు సూపు వచ్చేటప్పటికే ఆయనకి అన్నం పెడతారు. ఫిక్స్‌డ్‌లో మర్నాటి నుంచి అడగకుండానే చేస్తారు. పంచదార లేని స్వీటు కూడా దాదాపు ప్రతి రాత్రీ ఉంటుంది, అడగండి. సాయంత్రం ఆరింటికి బఫేలో ఆయన చేత కొంచెం ఏదైనా తినిపిస్తే ఎనిమిది దాకా ఇబ్బంది ఉండదు.

ముందుగా సింగపూర్‌లో ఎన్ని రోజులుంటున్నారు?

బరంపురం కోడలు:

ముందు రోజు రాత్రి దిగి మర్నాడు మధ్యాహ్నం ఓడెక్కడమే. సింగపూర్ చూడటం తిరిగొచ్చాకే.

రాయగడ తమ్ముడు:

అయితే లేటే పెట్టించండి, ఇంక ఆలోచించకండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని. మీవి మూడు క్యాబిన్లంటే మూడు బుకింగ్ నంబర్లు ఉండొచ్చు. వాటిని ఒకదానికొకటి లింక్ చేయించాలి. లేకపోతే కంప్యూటర్‌కి మీరంతా ఒకే కుటుంబమని తెలీదు. మీకొక టేబుల్, అత్తయ్యగారికి ఇంకో మూల తెలియనివాళ్లతో కలిసి ఇంకో టేబుల్ వస్తాయి. ఒక్కోసారి బంతులు కూడా వేరైపోతాయి. ఏజెంటుకి వాట్సాప్‌లో ఇలా రాయండి: "మూడు బుకింగ్‌లూ లింక్ చేసి, ఎనిమిది మందికీ ఒకే టేబుల్, సెకండ్ సీటింగ్, ఒకరికి గుడ్డు లేని ఇండియన్ వెజిటేరియన్, ఒకరికి డయాబెటిక్." తర్వాత కన్ఫర్మేషన్ కాగితం పంపమని అడిగి ఈ మాటలన్నీ అందులో ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. "చెప్పాను లెండి" అంటే వదలకండి. రెండో బంతి నిండిపోయి వెయిటింగ్ లిస్టులో పెట్టారంటే ఆ సంగతి కూడా ఇప్పుడే తెలియాలి.

ఓడెక్కిన రోజు మధ్యాహ్నం గది కార్డు చూడండి. చాలా ఓడల్లో భోజనం టైము, టేబుల్ నంబరు దాని మీదే ఉంటాయి, కొన్నింటిలో యాప్‌లో ఉంటాయి. తేడాగా ఉంటే వెంటనే డైనింగ్ హాలు దగ్గరికి వెళ్లండి. మొదటి రోజు మధ్యాహ్నం మార్పుల కోసమే అక్కడ ఒకరు కూర్చుంటారు. స్విమ్మింగ్ పూల్ తర్వాత చూడొచ్చు, ముందు ఈ పని. సాయంత్రం దాకా ఆగితే ఖాళీలు అయిపోతాయి. బావగారికి మరీ విసుగనిపిస్తే ఫిక్స్‌డ్ నుంచి ఫ్లెక్సిబుల్‌కి మారడం తేలికే. అటు నుంచి ఇటు రావడమే కష్టం. అందుకే ముందు ఫిక్స్‌డ్ తీసుకోమన్నాను.

డబ్బు సంగతి: మెయిన్ డైనింగ్ ఫిక్స్‌డ్ అయినా ఫ్లెక్సిబుల్ అయినా టిక్కెట్లో కలిసే ఉంటుంది, బఫే కూడా అంతే. స్పెషాలిటీ రెస్టారెంట్లకే విడిగా కట్టాలి. రోజువారీ టిప్పులు చాలా కంపెనీలు బిల్లులో వేసేస్తాయి. బట్టలు: రాత్రిపూట హాలుకి బనియన్లు వేసుకురానివ్వరు, నిక్కర్లు కూడా కొన్ని ఓడల్లో ఒప్పుకోరు. చీరకి ఎక్కడైనా గౌరవమే.

జయపురం నుంచి:

ఒక చిన్న మాట చేరుస్తాను. లేట్ సీటింగ్ దొరక్కపోయినా కంగారు పడకండి. ఫ్లెక్సిబుల్‌లోనే నాలుగు రాత్రులూ ఒకే టైముకి ముందే బుక్ చేసి, మొదటి రాత్రి నచ్చిన వెయిటర్ పేరు అడిగి "రేపు కూడా వీరి టేబులే ఇవ్వండి" అని గుమ్మం దగ్గర చెప్తే, ఖాళీని బట్టి ఇస్తారు. మాకు అలా ఇచ్చారు.

రాయగడ తమ్ముడు:

అవును, అది రెండో దారి. ఖచ్చితంగా దొరుకుతుందని చెప్పలేం గానీ అడగడంలో తప్పు లేదు.

బరంపురం కోడలు:

ఏజెంటుకి నువ్వు రాసిందే పంపేశాను. మూడు నంబర్లూ విడివిడిగానే ఉన్నాయట, ఇప్పుడు లింక్ చేస్తున్నాడు. అడక్కపోతే ఎవరూ చెప్పేవాళ్లు కాదు. సెకండ్ సీటింగ్ ఖాళీ ఉందన్నాడు. అత్తయ్యగారు ఒక సీసాడు ఆవకాయ, కొంచెం కారప్పొడి, మసాలా పొడి పట్టుకెళ్దామంటున్నారు. పట్టుకెళ్లొచ్చా?

రాయగడ తమ్ముడు:

ఇంట్లో చేసినవి ఓడలోకి రానివ్వరక్కా, చాలా కంపెనీల్లో అదే రూలు. సీలు విప్పని కంపెనీ ప్యాకెట్లయితే సాధారణంగా ఊరుకుంటారు. చిన్న చిన్న పచ్చడి ప్యాకెట్లు కొనుక్కోండి. మసాలా పొడి మాత్రం ఇంట్లోనే వదిలేయండి. అందులో గసగసాలుంటే సింగపూర్‌లో అది నిషేధం, మత్తుమందుల చట్టం కింద పట్టుకుంటారు. విడిగా గసగసాల పొట్లం కూడా ఎవరి సంచిలోనూ లేకుండా వైజాగ్‌లోనే ఒకసారి అన్నీ తీసి చూడండి.