పాత రాస్‌ప్‌బెర్రీ పైకి ఇంటి నెట్‌వర్క్‌లో ఏ పని అప్పగించొచ్చు?

వైర్లగుట్ట:
రాస్‌ప్‌బెర్రీ పై 3బీ (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డ్) ఒకటి ఖాళీగా పడి ఉంది. ఇంట్లో అందరి ఫోన్లలో యాడ్స్ తగ్గాలి, బయటున్నప్పుడు ఇంటి నెట్‌వర్క్‌లోకి రాగలగాలి. కుదిరితే ఇప్పుడున్న రౌటర్ పక్కన పడేసి దీన్నే రౌటర్ చేద్దామని ఉంది. చేసినవాళ్లు చెప్పండి.

పోర్ట్_53:
మొదటి రెండూ హాయిగా చేస్తుంది. రౌటర్ మాత్రం వద్దండి. 3బీలో ఈథర్‌నెట్ 100 ఎంబీపీఎస్ దాటదు. పైగా ఈథర్‌నెట్, నాలుగు యూఎస్‌బీ పోర్టులు అన్నీ ఒకే యూఎస్‌బీ 2.0 దారి మీద పోతాయి. అడాప్టర్ పెట్టి రెండో పోర్ట్ తెచ్చుకున్నా అదే ఇరుకు. అసలైన గిగాబిట్ 2019లో వచ్చిన పై 4 నుంచే. యాడ్స్‌కి పై-హోల్ వేసుకోండి, యాడ్ సైట్ల అడ్రస్‌లు ఫోన్లకి చెప్పకుండా ఆపే సాఫ్ట్‌వేర్ అది. దానికొచ్చేవి డీఎన్ఎస్ ప్రశ్నలే (ఈ సైట్ పేరుకి ఐపీ అడ్రస్ ఏది అని) కాబట్టి పెద్ద బరువేం కాదు.

రాత్రిషిఫ్ట్:
పై-హోల్ పెట్టాక రౌటర్‌లో సెకండరీ డీఎన్ఎస్‌గా 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్) ఉంచకు బ్రో. మొదటిది పడిపోతేనే రెండోదాన్ని అడుగుతాయని అనుకుంటాం గానీ, చాలా ఫోన్లు తమకి తోచినప్పుడు దాన్నీ అడిగేస్తాయి. యాడ్స్ అటు నుంచి నరుక్కొస్తాయి. ఐపీవీ6లో (కొత్త తరం ఐపీ అడ్రస్‌లు) రౌటర్ వేరే డీఎన్ఎస్ పంచుతోందేమో కూడా చూడు. యూట్యూబ్ యాడ్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోకు.

వైర్లగుట్ట:
సెకండరీ తీసేస్తే, పై ఆగిన రోజు ఇంట్లో నెట్ మొత్తం పోతుంది కదా? తిట్లు నాకే.

రాత్రిషిఫ్ట్:
పోతుంది. ఇంకో బోర్డ్ ఉంటే దాని మీద రెండో పై-హోల్ పెట్టి, దాన్నే సెకండరీగా ఇవ్వు. లేదంటే డీహెచ్‌సీపీని (పరికరాలకి ఐపీ అడ్రస్, డీఎన్ఎస్ పంచే పనిని) రౌటర్‌లోనే ఉంచు, అవసరమైతే ఒక్క సెట్టింగ్ మార్చి బయటపడొచ్చు.

బల్లకింద_సర్వర్:
పై-హోల్ వెనక అన్‌బౌండ్ (అడ్రస్‌లని తానే వెతికి తెచ్చే డీఎన్ఎస్ సర్వర్) కూడా పెట్టేవాళ్లకి ఒక మాట. పై 3, 4 బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి చాలాసేపటికి వస్తే పాత టైమ్‌తోనే లేస్తుంది. టైమ్ సరిచేసుకోవాలంటే ఎన్‌టీపీ సర్వర్ (నెట్‌లో సరైన టైమ్ చెప్పేది) అడ్రస్ కావాలి, అది తెలియాలంటే డీఎన్ఎస్ పనిచేయాలి. డీఎన్ఎస్ జవాబులు నకిలీవి కావని చూపే డీఎన్ఎస్‌సెక్ సంతకాలకి గడువు తేదీలుంటాయి కాబట్టి, టైమ్ తప్పుగా ఉంటే అన్‌బౌండ్ వచ్చిన జవాబులన్నీ చెల్లవంటుంది. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు! ఎన్‌టీపీ సర్వర్‌ని పేరుతో కాకుండా ఐపీ అడ్రస్‌తో ఇస్తే గొడవ తీరిపోతుంది. పై 5లో గడియారం ఉంది, బ్యాటరీ విడిగా తగిలించాలి.

పోర్ట్_53:
పవర్ సంగతి మరిచాం. 3బీకి 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. డ్రాయర్‌లో దొరికిన ఫోన్ ఛార్జర్, సన్నటి కేబుల్ పెడితే లోడ్ పడగానే వోల్టేజీ జారుతుంది. 4.63 దాకా పడితే బోర్డ్ హెచ్చరిక ఇస్తుంది, స్క్రీన్ ఉంటే మూలన మెరుపు గుర్తు కనిపిస్తుంది. స్క్రీన్ లేకపోతే థ్రాటిల్ స్టేటస్ కమాండ్ (vcgencmd get_throttled) కొట్టండి. 0ఎక్స్0 వస్తే నిశ్చింత. 0ఎక్స్50005 వస్తే ఇప్పుడే వోల్టేజీ చాలట్లేదని, స్పీడ్ కూడా తగ్గించేసిందని అర్థం. 0ఎక్స్50000 అయితే ఇప్పుడు బానే ఉంది, బూట్ అయ్యాక ఎప్పుడో జరిగింది. ఎస్‌డీ కార్డ్ పాడైందని కార్డులు మార్చుకుంటూ పోయేవాళ్లు ముందు ఇది చూస్తే మంచిది, నా లెక్కలో సగం నేరం అడాప్టర్‌దే.

రాత్రిషిఫ్ట్:
బయట నుంచి రావడానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ బెస్ట్. మామూలుగా యూడీపీ 51820 పోర్ట్ ఫార్వర్డ్ చేస్తే (బయట నుంచి ఆ పోర్ట్‌కి వచ్చేదాన్ని రౌటర్ ఈ బోర్డ్‌కి పంపేలా పెడితే) సరి. ముందు రౌటర్‌లో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) చూడు. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే నువ్వు సీజీనాట్ (ప్రొవైడర్ చాలా ఇళ్లకి కలిపి ఒకే బయటి అడ్రస్ ఇచ్చే పద్ధతి) వెనక ఉన్నట్టు, ఫార్వర్డింగ్ దండగ.

వైర్లగుట్ట:
చూశాను, 100.72తో మొదలైంది. 🙁

బల్లకింద_సర్వర్:
అయితే టెయిల్‌స్కేల్ వేసుకోండి, లోపల వైర్‌గార్డే. పోర్ట్ తెరవక్కర్లేదు. పైని సబ్‌నెట్ రౌటర్‌గా (ఇంటి నెట్‌వర్క్ మొత్తానికి దారిగా) పెట్టి ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేయండి, అడ్మిన్ పేజీలో ఆ రూట్‌ని అప్రూవ్ చేయండి. అప్పుడు ప్రింటర్, కెమెరా లాంటి వాటిలో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే బయట నుంచి అందుతాయి.