కూర్చుని గిటార్ వాయిస్తుంటే ఎడమ మణికట్టు నొప్పి, కుడి కాలు తిమ్మిరి: ఎలా కూర్చోవాలి?

తొలిఫ్రెట్:
నమస్కారం అండీ. నాది డ్రెడ్‌నాట్ సైజు (వెడల్పు, లోతు ఎక్కువున్న పెద్ద రకం) అకూస్టిక్ గిటార్. కుడి తొడ మీద పెట్టుకుని వాయిస్తాను. పావుగంట దాటేసరికి ఎడమ మణికట్టు లాగుతుంది, కుడి కాలు తిమ్మిరెక్కుతుంది, కుడి భుజం చెవి దాకా లేచిపోతుంది. ఎఫ్ బారే కార్డ్ (చూపుడు వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేది) పట్టినప్పుడు మణికట్టు నొప్పి మరీ ఎక్కువ. కుర్చీకి చేతులు లేవు, కూర్చునే పలక నేల నుంచి 50 సెం.మీ. ఎత్తులో ఉంది. నా ఎత్తు 158 సెం.మీ. కింద మెత్తటి దిండు వేసుకున్నా తేడా లేదు. ఫుట్‌స్టూల్ కొనాలా, స్ట్రాప్ వేసుకోవాలా, చిన్న గిటార్‌కి మారాలా?

ముంజేయి:
ఏదీ కొనకండి, ముందు కుర్చీ సంగతి చూడండి. మీరు చెప్పిన మూడు బాధల్లో రెండు అక్కడే మొదలవుతున్నాయి.

మోకాలి వెనక మడత నుంచి నేల దాకా కొలవండి. చెప్పులు వేసుకుని వాయించే అలవాటుంటే చెప్పులతోనే కొలవండి. మీ ఎత్తుకి అది 40 సెం.మీ. అటూఇటూగా ఉంటుంది. అంటే 50 సెం.మీ. కుర్చీలో మీ మడమలు నేలకి ఆనవు. కుర్చీ అంచు తొడ అడుగున నొక్కుకుంటుంది, పైనుంచి గిటార్ బరువు. తిమ్మిరి అందుకే. దిండు వేస్తే ఎత్తు ఇంకా పెరుగుతుంది కాబట్టి లాభం ఉండదు.

ఇక మణికట్టు. పాదం ఆనకపోతే తొడ మోకాలి వైపు వాలుతుంది. ఆ వాలులో గిటార్ ముందుకి జారుతుంది, నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ భాగం) కిందికి దిగుతుంది. దాన్ని పడకుండా ఆపే పని మీకు తెలియకుండానే ఎడమ చెయ్యి చేస్తుంది. ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు పట్టీల మధ్య గడులు) నొక్కాల్సిన చెయ్యి గిటార్‌ని కూడా మోస్తుంటే లాగకుండా ఎలా ఉంటుంది?

రెండు పాదాల కింద 8 నుంచి 10 సెం.మీ. ఎత్తున్న, కదలని పీట వేయండి. తొడలు నేలకి సమాంతరంగా రావాలి. కుర్చీలో ముందు సగంలో కూర్చోండి, వీపు ఆనించొద్దు. తర్వాత గిటార్ పెట్టుకుని ఎడమ చెయ్యి పూర్తిగా తీసేయండి. కుడి తొడ, ఛాతీ, పైన వాలిన కుడి ముంజేయి, ఈ మూడింటి మీదే గిటార్ నిలబడాలి. నెక్ అంగుళం జారినా మళ్లీ సర్దుకోండి. ఈ పరీక్ష నెగ్గకుండా ఎఫ్ కార్డ్ జోలికి వెళ్లొద్దు.

ఆరుతీగలు:
పైన చెప్పింది నిజమే, కానీ ఎఫ్ దగ్గరి నొప్పి కుర్చీ సరిచేస్తే పూర్తిగా పోదు. గిటార్ కుడి తొడ మీద ఉండి నెక్ నేలకి సమాంతరంగా ఉంటే, మొదటి ఫ్రెట్ శరీరానికి చాలా దూరంగా, కిందుగా ఉంటుంది. అక్కడికి చెయ్యి చాచి నాలుగు వేళ్లూ తీగల మీదికి తేవాలంటే మణికట్టు లోపలికి బాగా వంగాలి. వంగిన మణికట్టుతో బారే నొక్కితే వేళ్ల స్నాయువులు సన్నటి దారిలో రాసుకుంటాయి, బలం కూడా చాలా వృథా.

గిటార్ నడుము వంపుని ఎడమ తొడ మీదికి మార్చి, నెక్‌ని 30 నుంచి 40 డిగ్రీలు పైకి లేపండి. గిటార్ తల మీ భుజానికీ కంటికీ మధ్య ఎత్తులోకి రావాలి. అప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గరికి వస్తుంది, మోచెయ్యి సహజంగా వేలాడుతుంది, మణికట్టు దాదాపు నిటారుగా ఉంటుంది. ఇందుకు ఎడమ పాదం కుడి పాదం కన్నా 12–15 సెం.మీ. ఎత్తులో ఉండాలి. ఫుట్‌స్టూల్ పని అదే.

ఇంకొకటి, చాలామంది గమనించని తప్పు: ఫ్రెట్లు కనబడాలని గిటార్ ముఖాన్ని తమ వైపు వెల్లకిలా వాలుస్తారు. అలా చేస్తే నెక్ కిందిభాగం దూరం జరుగుతుంది, మణికట్టు ఇంకా వంగాలి. పైగా తల వంచి చూడటం వల్ల మెడ నొప్పి. గిటార్ ముఖం నిలువుగానే ఉంచి, నెక్ పక్క అంచు మీద మీకు కనబడే చుక్కలు చూసి వాయించండి.

నిటారు:
ఫుట్‌స్టూల్ విషయంలో నాది వేరే మాట. పది నిమిషాలకి పరవాలేదు. రోజూ గంట వాయించేవాళ్లకి మాత్రం నేను చెప్పను. ఒక కాలు పైకి లేస్తే కటి ఎముక ఆ వైపు వెనక్కి తిరుగుతుంది, నడుము కింది వంపు పోయి గుండ్రమవుతుంది, అదీ ఒకవైపే. ఎడమ నడుము పట్టేయడానికి మూలం అక్కడే.

కాలిని పైకి లేపే బదులు గిటార్‌నే లేపండి, పాదాలు రెండూ సమానంగా ఉంటాయి. తొడ మీద పెట్టే గట్టి దిండ్లు, మడతపెట్టే ఫ్రేములు, సక్షన్ కప్పులతో గిటార్ పక్కకి అంటుకునే సపోర్టులు దొరుకుతాయి. ఈ ఆలోచన కొత్తది కాదు. 19వ శతాబ్దంలోనే స్పెయిన్ గిటారిస్టు డియోనిసియో అగ్వాడో గిటార్‌ని నిలబెట్టడానికి ట్రైపోడిసన్ అనే మూడు కాళ్ల స్టాండ్ చేయించుకున్నాడు.

కొనేముందు ప్రయోగం చేయాలంటే, 12 సెం.మీ. మందం వచ్చేలా పెద్ద తువ్వాలు బిగుతుగా చుట్టి తాడుతో కట్టి ఎడమ తొడ మీద పెట్టండి. జారకుండా అటూఇటూ అరల్లో పరిచే రబ్బరు జాలీ ముక్క వేయండి. తలగడ పనికిరాదు, నొక్కుకుపోయి నెక్ మళ్లీ దిగుతుంది. మంచం, సోఫా కూడా అంతే. నేల మీద మఠం వేసుకుని వాయించాలంటే పిరుదుల కింద 10–15 సెం.మీ. గట్టి ఆసనం ఉండాలి, లేకపోతే మోకాళ్లు తుంటి కన్నా పైకి లేచి నడుము కూలబడుతుంది.

తొలిఫ్రెట్:
కొలిచాను, మడత నుంచి నేలకి 39. పాదాల కింద 10 సెం.మీ. పీట వేసి, తువ్వాలు చుట్టి చూశాను. అరగంట వాయించినా తిమ్మిరి లేదు. ఎడమ చెయ్యి తీసినా నెక్ కదలలేదు, ఎఫ్ దగ్గర లాగడం బాగా తగ్గింది. భుజం మాత్రం అలాగే లేస్తోంది, పైగా ఉంగరం వేలూ చిటికెన వేలూ జివ్వుమంటున్నాయి, కుడి చేతివి. సక్షన్ కప్పు సపోర్ట్ కొందామనుకుంటున్నాను. నా గిటార్‌ది నైట్రో ఫినిష్ (నైట్రోసెల్యులోజ్ పూత), ఏమైనా ఇబ్బందా?

ముంజేయి:
ఆ రెండు వేళ్లు జివ్వుమంటే మోచేతి లోపలి వైపు వెళ్లే నరం మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. గిటార్ అంచు మోచేతి మడతలో కూర్చుంటోందేమో చూడండి. అంచు మోచేతికి నాలుగైదు వేళ్లు కిందుగా, ముంజేతి కండ మీద ఆనాలి. చెయ్యి వాలాలే గానీ వేలాడకూడదు. ఇది సరిచేశాక కూడా వారంలో తగ్గకపోయినా, రాత్రి నిద్రలో వచ్చినా డాక్టరుకి చూపించండి.

భుజం లేవడానికి కారణం గిటార్ లోతు. డ్రెడ్‌నాట్ కింది భాగం వెడల్పు దాదాపు 40 సెం.మీ., లోతు 12 సెం.మీ. పైనే. గిటార్‌ని ఛాతీకి సమాంతరంగా అతికిస్తే చెయ్యి ఆ లోతంతా దాటి ముందుకి రావాలి. అలా కాకుండా వెడల్పాటి చివరని కుడి తుంటి వైపు వెనక్కి లాగండి, నెక్ కొంచెం ముందుకి, ఎడమకి పోతుంది. పది పదిహేను డిగ్రీలు తిప్పితే చాలు. తువ్వాలు మందం కూడా 12 నుంచి 10కి తగ్గించి చూడండి, గిటార్ మరీ ఎత్తైనా భుజం లేస్తుంది. గిటార్ మార్చడం చివరి మాట. ఓఎమ్, ట్రిపుల్ ఓ అనే చిన్న సైజుల్లో లోతు 10.5 సెం.మీ. దగ్గర ఉంటుంది. వినడానికి చిన్న తేడా, భుజానికి మాత్రం బాగా తెలుస్తుంది.

స్ట్రాప్ వాడితే కూర్చున్నప్పుడు కూడా బిగువుగా ఉండేంత పొట్టిగా కట్టుకోండి. వదులు స్ట్రాప్ ఉన్నా లేనట్టే.

నిటారు:
నైట్రో అని ముందే చెప్పాల్సింది! సక్షన్ కప్పు వద్దండీ. ఆ ప్లాస్టిక్‌లోని మెత్తబరిచే రసాయనాలు నైట్రోసెల్యులోజ్ పూతని మెత్తబరిచి గుండ్రటి మరక వదులుతాయి, అది తుడిస్తే పోదు. ఫ్రెంచ్ పాలిష్ (లక్క పూత) గిటార్లకీ ఇదే జాగ్రత్త. పారదర్శక వినైల్ రేకు అంటించి దాని మీద కప్పు పెట్టుకోమంటారు గానీ, ఆ రేకు కూడా నైట్రో మీద అదే పని చేయగలదు.

నేను చెప్పిన రబ్బరు జాలీ విషయంలో కూడా సవరణ: దాన్ని తొడకీ తువ్వాలుకీ మధ్య మాత్రమే వేయండి, గిటార్‌కి తగలనివ్వొద్దు. గిటార్ వైపు నూలు గుడ్డ చాలు. వాయించడం అయిపోగానే తీసేయండి, గిటార్ కేసులో దానితో పాటు పెట్టొద్దు.