పేజీలు కూర్చే పనికి పెద్ద తెర ల్యాప్‌టాప్: పాతదా, కొత్తదా?

నమస్కారం. తెలుగు పుస్తకాలకు పేజీలు కూర్చడం నా వృత్తి. ఇప్పటికీ నాకు తిండి పెడుతున్నవి పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, ‘అను’ అనే తెలుగు ఫాంట్లే. యాభై దాటాక 14 అంగుళాల తెర మీద ఒత్తులు, దీర్ఘాలు సరిచూడటం కష్టంగా ఉంది.

రెండు ల్యాప్‌టాప్‌లు చూశాను. ఒకటి వాడిన డెల్ ప్రెసిషన్ 7710. తెర 17.3 అంగుళాలు, ధర 24 వేలు. ర్యామ్‌కు నాలుగు స్లాట్లున్నాయి. బరువు మాత్రం మూడు కిలోలు దాటుతుంది, ఇటుకలాంటి ఛార్జర్ అదనం. అసలు చిక్కు ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్‌తో. విండోస్ 11 దానికి అధికారికంగా లేదు. విండోస్ 10కు మామూలు మద్దతు (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో ముగిసింది.

రెండోది కొత్తది, 16 అంగుళాలు, 58 వేలు. ర్యామ్ 16 జీబీ, బోర్డుకే అతికించి ఉంది కాబట్టి పెంచుకోలేం. లెక్క వేస్తే ఒక వింత తేలింది: వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10 కావడం వల్ల దీని తెర ఎత్తు పాతదానితో సమానమే, సుమారు 8.5 అంగుళాలు. తగ్గేది వెడల్పు, అంగుళంన్నర. ఎదురెదురు పేజీలు పక్కపక్కన పెట్టుకునే నాకు ఆ అంగుళంన్నరే బంగారం!

పాతదాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా వాడుకుంటే సరిపోతుందా? దానికి మంచి బ్యాటరీ ఇంకా దొరుకుతోందా? విండోస్ 11లో పేజ్‌మేకర్ 7 ఇబ్బంది లేకుండా నడుపుతున్నవారు ఎవరైనా ఉన్నారా? కొత్తది కొని విడిగా మానిటర్ పెట్టుకోమని మా అబ్బాయి అంటున్నాడు. రచయితల ఇళ్లకు వెళ్లి దిద్దుబాట్లు చేసే నాకు అది కుదరదు.