కార్పెట్ మెషీన్ల కెమికల్ గుంజుతలేదు: లైన్ల ఇంజెక్టర్ పెట్టాల్నా, ట్యాంకులనే కలపాల్నా?

మిర్యాలగూడ_77
ఫంక్షన్ హాళ్ల కార్పెట్లు, సోఫా కుర్చీల పని, నీళ్లు కొట్టి మురికి నీళ్లను మళ్ల గుంజే మెషీన్‌తోటి. మెషీన్‌ల 11 బార్ల డయాఫ్రం పంపు ఉన్నది. పంపు దాటినంక కార్ వాషింగుల వాడే ఇత్తడి ఇంజెక్టర్ (పారే నీళ్ల ఊపుతోటి కెమికల్ గుంజేది) బిగించినం. దానికి 5 లీటర్ల క్యాన్, ముందర 15 మీటర్ల పైపు, చివర చేత పట్టి కొట్టే వాండ్‌కు రెండు 01 నాజిల్లు. నీళ్లు మంచిగనే కొడుతున్నయ్ గని క్యాన్‌ల కెమికల్ తగ్గుతనే లేదు. జాలి కడిగినం, సన్న ట్యూబు కొత్తది ఏసినం, నీళ్లు క్యాన్‌లకు ఎనకకు పోకుండ ఆపే గోలీ, స్ప్రింగు తీసి సూసినం. ఫరక్ లేదు. కొందరేమో ఇంజెక్టర్ తీసేసి ట్యాంకులనే కలుపుకోమంటున్నరు. ఏది కరెక్టు?

పంపు_పానా
జాలి కాదు, గోలీ కాదు. లెక్క సూడుర్రి. 01 నాజిల్ అంటే 40 పీఎస్ఐ కాడ నిమిషానికి 380 మిల్లీలీటర్లు. ప్రెషర్ నాలుగింతలు పెంచితే నీళ్లు రెండింతలే పెరుగుతయ్. అంటే మీ 11 బార్లకు, అదే 160 పీఎస్ఐకి, ఒక్కో నాజిల్ 760, రెండు కలిపి నిమిషానికి లీటరున్నర.

కార్ వాషింగ్ ఇంజెక్టర్‌ను నిమిషానికి 8, 10 లీటర్లు పారే మెషీన్ కోసం చేస్తరు. లోపల గొంతు దాదాపు 2 మిల్లీమీటర్లు. మీ లీటరున్నర ఆ గొంతుల నుంచి పోయేటప్పుడు పడే ప్రెషర్ ఒక బార్‌ల మూడో వంతంత. ముందర పైపుల నాజిల్లు ఆపుకున్న ప్రెషరేమో పది బార్లు. గొంతు కాడ బయటి గాలి ప్రెషర్ కన్నా తక్కువ అయితెనే కెమికల్ గుంజుతది. ఇక్కడ గోలీ గట్టిగ మూసుకునే ఉంటది, అది దాని పనే. కార్ వాషింగుల గూడ సబ్బు గుంజాలంటే పెద్ద బెజ్జం ఉన్న నాజిల్ పెట్టేది ఇందుకే.

పరీక్ష సులువు. వాండ్ తీసేసి పైపు కొస బకెట్ల పెట్టి పంపు నడపుర్రి. అప్పుడు క్యాన్ తగ్గితే ఇంజెక్టర్ మంచిదే, నాజిల్లతోటి దానికి జోడు కుదరలే అంతే. అప్పుడు గూడ తగ్గకపోతే గాలి లీకు ఎతకాలె: పారదర్శకపు ట్యూబుల బుడగలు, బిరుసెక్కిన ట్యూబు కొసలు, చినిగిన ఓ-రింగు. క్యాన్ మూతకు గాలి బెజ్జం లేకున్నా ఇదే తంతు. మొదట గుంజుతది, క్యాన్ లోపలికి నొక్కుకుంటది, ఆగిపోతది. మూత వదులు చేసి సూస్తే తెలిసిపోతది.

పాలమూరోడు
గింత లెక్క ఎందుకన్నా? ట్యాంకుల కలుపుకుంటే అయిపాయె. 20 లీటర్ల నీళ్లకు 400 మిల్లీలీటర్లు పోస్తే 1కి 50. మొదటి కుర్చీకి, ఆఖరి కుర్చీకి ఒకటే పాలు. ఇంజెక్టర్ మీద గీతలు ఒక్క రకం ఫ్లో దగ్గరనే నిజం. నాజిల్ మార్చినా, పైపు పొడుగు పెంచినా గీత అబద్ధం చెప్తది. ఎక్కువ గుంజితే కార్పెట్‌ల సబ్బు మిగిలి, వారం తిరగకముందే మళ్ల మట్టి పడుతది.

దేవరకొండ_హౌస్‌కీపింగ్
ట్యాంకుల కలిపితే పంపు పాడైతది. మన నల్లగొండ బోరు నీళ్ల ఫ్లోరైడ్ సబ్బుతోటి కలిసి తెల్లగ పేరుకుంటది. వాల్వులు, నాజిల్ బెజ్జాలు అన్నీ మూసుకపోతయ్.

నీళ్ల_లెక్క
ఆ తెల్లటిదానికి ఫ్లోరైడ్ కారణం కాదు. ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంత చిన్న మోతాదుకు రెండు మూడింతలున్నా నాజిల్ మూసుకపోయేంత గడ్డ కట్టదు. పైగా ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లల్ల కాల్షియం తక్కువ ఉండుడే ఎక్కువగ కనబడుతది, ఎందుకంటే కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి కిందికి దింపుతది. పేరుకునేది కాల్షియం, మెగ్నీషియం, అంటే నీళ్ల కఠినత్వం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఉంటే సరే, వేరే నీళ్లు లేకుంటే 600 దాకా. కార్పెట్ కెమికల్‌ల చానా వాటిల్ల బట్టల సోడా ఉంటది. కఠినమైన నీళ్లల్ల పడంగనే కాల్షియం కార్బోనేట్ గడ్డ కడుతది, హీటర్ ఉంటే ఇంకా తొందరగ. కరిగిన లవణాలన్నీ కలిపి సూపే టీడీఎస్ మీటర్‌తోటి ఇది తెలవదు. చుక్కల కిట్‌తోటి కఠినత్వం విడిగ సూడాలె.

నాజిల్ మీది తెల్లదాన్ని గోరుతోటి గీకి, రెండు చుక్కల వెనిగర్ ఎయ్యుర్రి. బుసబుస పొంగితే కాల్షియం. పొంగకుండ, వేడి నీళ్లల్ల జిగటగ కరిగిపోతే ఎండిన సబ్బు. రెండింటికీ మందు వేరు. కాల్షియానికి లీటరు నీళ్లల్ల 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పంపు గుండ తిప్పి, అరగంట నిలబెట్టి, మంచి నీళ్లు పారియ్యాలె. ఎండిన సబ్బుకు వేడి నీళ్లే చాలు. బాత్‌రూం యాసిడ్ మాత్రం పొయ్యొద్దు. ఇత్తడి, స్టీలు రెండూ తింటది. బ్లీచింగ్ కలిపిన నీళ్లు లైన్ల మిగిలి ఉంటే విషపు క్లోరిన్ లేస్తది.

దేవరకొండ_హౌస్‌కీపింగ్
సరే, ఫ్లోరైడ్ మాట పక్కన పెడదాం. సోడా, కాల్షియం కలిసేది ట్యాంకులనే గదా? అంటే ట్యాంకుల కలపొద్దన్న నా మాట నిలబడ్డట్టే.

పాలమూరోడు
ఇంజెక్టర్ దాటినంక పైపుల కలిసినా గదే గడ్డ. తప్పు నీళ్లది, తావుది కాదు. భగీరథ నల్లా నీళ్లు పట్టి పెట్టుకోర్రి, బోరు నీళ్లను ట్యాంకు దగ్గరికే రానియ్యకుర్రి.

పంపు_పానా
ఇద్దరిదీ సగం సగం నిజం. పైపుల కలిస్తే గడ్డ కట్టేలోపే బయటికి కొట్టుకపోతది. ట్యాంకుల గంటలకొద్ది నిలబడితే అడుగున దిగి జాలిల ఇరుక్కుంటది. గని పని అయినంక రెండు లీటర్ల మంచి నీళ్లు పారియ్యకుంటే రెండు పద్ధతులూ సమానమే. సబ్బు రాత్రంతా ఎండి గోలీ స్ప్రింగును అంటించేస్తది.

ఒకటి మాత్రం ట్యాంకు వాళ్లకు గట్టిగ చెప్పాలె: నారింజ తొక్క వాసనొచ్చే సాల్వెంట్ రకాలు ట్యాంకుల పొయ్యొద్దు. ఈపీడీఎం రబ్బరు వాల్వులు ఉబ్బుతయ్. పెరాక్సైడ్ రకాలు ముందే కలిపి పెడితే పొద్దుగూకే వరకు సత్తువ తగ్గుతది.

బత్తాయి_స్ప్రేయర్
రెండూ వద్దు. 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్‌తోటి కెమికల్ ముందే కార్పెట్ మీద కొట్టుర్రి. 10 నిమిషాలు ఆగి, మెషీన్‌ల ఉత్త నీళ్లతోటి కడిగి గుంజుర్రి. కెమికల్ పంపుల అడుగే పెట్టదు. గుండ్రంగ మంచులెక్క కొట్టే చేను నాజిల్ తీసి, విసనకర్రలెక్క వెడల్పుగ కొట్టేది పెట్టుకోవాలె. లేకుంటే మందు గాలిల పోతది. చేను మందో, గడ్డి మందో కొట్టిన స్ప్రేయర్ దీనికి అస్సలు వాడొద్దు, ఎంత కడిగినా సరే. ఎండకాలం ఫ్యాన్లు బంద్ చెయ్యాలె. కెమికల్ ఎండితే మరక ఇంకా గట్టిగ పడుతది.

పాలమూరోడు
హాలుకు ఒక్కడే మనిషి పోతే ఇది రెండింతల పని. కుర్చీలకు ఒప్పుకుంట, హాలంత కార్పెట్‌కు కాదు.

బత్తాయి_స్ప్రేయర్
పెద్ద కార్పెట్‌కే ఇది ఎక్కువ పనికొస్తది. మట్టి నానినంక ఒకటే గుంజుడు సాలు. ట్యాంకు సబ్బుతోటి కడిగితే సబ్బు తీసేతందుకు మళ్ల ఉత్త నీళ్లతోటి ఒక చుట్టు పోవాలె. ఎవరిది రెండింతలు?

మిర్యాలగూడ_77
పైపు కొస బకెట్ల పెట్టి నడిపితే క్యాన్‌ల కెమికల్ మంచిగ తగ్గింది. ఇంజెక్టర్ బాగనే ఉన్నట్టు. మరి దాన్ని పంపు ముందరికి, ట్యాంకు దిక్కు మారిస్తే నడుస్తదా?

పంపు_పానా
ఇంజెక్టర్ వద్దు. అక్కడ పంపే గుంజుతది. టీ జాయింటు ఏసి, ఒక కాలుకు సన్న సూది వాల్వు, దానికి కెమికల్ ట్యూబు పెట్టుర్రి. కొలత గీతలతోటి కాదు, బకెట్‌తోటి. క్యాన్ తావుల గీతలున్న గ్లాసు పెట్టి, వాండ్ బకెట్ల కొట్టుకుంట 2 నిమిషాలు నడపాలె. బకెట్‌ల 3 లీటర్లు పడ్డప్పుడు గ్లాసుల 60 మిల్లీలీటర్లు తగ్గితే 1కి 50 దగ్గర ఉన్నట్టు. ట్యాంకు నిండుగ ఉన్నప్పుడొకసారి, సగం అయినంక ఒకసారి కొలువుర్రి, ఎందుకంటే నీళ్ల మట్టం తగ్గిన కొద్ది కెమికల్ ఎక్కువ గుంజుతది. గ్లాసు ఖాళీ కాకముందే వాల్వు మూయాలె. గాలి గుంజితే పంపు నీళ్లు అందుకోదు. మళ్ల అందుకునే వరకు వాండ్ ఉత్తగనే చీదుతుంటది.